సైకిలు మీది ఐస్‌క్రీం: ఒక వాక్యానికి ప్రతిపద వ్యాఖ్యానం

వ్యాఖ్యానానికి తీసుకున్న వాక్యం ఇది: “సికింద్రాబాదులో సైకిలు మీద తిరుగుతూ ఐస్‌క్రీం అమ్ముకొని బతకవచ్చు.”

వేసవి దగ్గరపడుతుంటే, పెద్ద పెట్టుబడి లేని ఇంట్లో ఎవరో ఒకరు ఈ మాట అంటారు. అన్నవారికీ విన్నవారికీ అందులో అర్థం కానిదేమీ కనిపించదు. కానీ ఇందులోని ప్రతి పదం వెనుకా ఒక చట్టమో, ఒక భౌతిక సూత్రమో, ఒక లెక్కో ఉంది. ఒకదాన్ని మరొకటిగా పొరబడితే ఆ నష్టం సాయంత్రానికల్లా జేబులో తెలిసిపోతుంది. అందుకని పదం పదంగా చూద్దాం. పైకి కనిపించకపోయినా అర్థం పూర్తి కావడానికి చేర్చుకోవలసిన పదం కూడా ఈ వాక్యంలో ఒకటుంది. వ్యాఖ్యాతలు దాన్ని అధ్యాహారం అంటారు. అసలు కష్టమంతా దానిలోనే ఉంది కాబట్టి అక్కడ ఎక్కువసేపు ఆగుతాను.

“సికింద్రాబాదులో.” మూడో నిజాం సికందర్ జా పేరు మీద 1806లో ఈ ఊరికి పేరు పెట్టారు. హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన ఆంగ్లేయ సైన్యం విడిది చేసిన నేల ఇది. అందుకే పాతవారు దీన్ని ఇప్పటికీ లష్కర్ అంటారు, ఉజ్జయిని మహంకాళి జాతరను లష్కర్ బోనాలు అంటారు. ఐస్‌క్రీం అమ్మేవారికి ఈ చరిత్రతో ఒక పని ఉంది. ఆ విడిది వల్లనే ఊరు నేటికీ ఒకే పాలన కింద లేదు. మోండా మార్కెట్, జనరల్ బజార్, పద్మారావునగర్, సీతాఫల్‌మండి నగరపాలక సంస్థవి, అంటే 2007లో ఏర్పడిన జీహెచ్‌ఎంసీవి. తిరుమలగిరి, కార్ఖానా, బొల్లారం వైపు కంటోన్మెంట్ బోర్డుది, అంటే రక్షణ శాఖ కింద, 2006 నాటి కంటోన్మెంట్ల చట్టం ప్రకారం నడిచే వేరే స్థానిక సంస్థది. రైల్వే స్టేషన్ ఆవరణ ఈ రెండింటిదీ కాదు, అది రైల్వేది.

ఒక పూట తిరుగుడులోనే సైకిలు ఈ మూడు హద్దుల్నీ దాటగలదు. కాగితం మాత్రం దాటదు. వీధి విక్రేతల కోసం 2014లో వచ్చిన కేంద్ర చట్టం “స్థానిక సంస్థ” అన్న మాటలో నగరపాలక సంస్థనూ కంటోన్మెంట్ బోర్డునూ రెండింటినీ చేర్చింది. కనుక చట్టం రెండు చోట్లా ఒకటే. కానీ ఒక సంస్థ ఇచ్చిన అనుమతి రెండో సంస్థ రోడ్డు మీద చెల్లదు. రైల్వే భూములకూ రైళ్లకూ ఈ చట్టం వర్తించదని మొదటి సెక్షన్‌లోనే ఉంది. స్టేషన్ ముందు ఎంత జనం ఉన్నా, ఆ ఆవరణలో రైల్వే అనుమతి లేకుండా అమ్మడం 1989 రైల్వే చట్టం ప్రకారం నిషిద్ధం. అక్కడ నగరపాలక సంస్థ కార్డు చూపించి ప్రయోజనం లేదు. కాబట్టి మొదటి పని, మీరు తిరగదలచిన దారిని కాగితం మీద గీసుకుని, ఏ గల్లీ ఎవరి పరిధిలో ఉందో గుర్తు పెట్టుకోవడం. సైన్యం ఆధీనంలోని దారులుంటే వాటిని లెక్కలోంచి తీసేయండి. గేట్లు మూసే వేళలు అమ్మకం వేళల్ని బట్టి ఉండవు.

“సైకిలు మీద.” సైకిలు, తోపుడు బండి, మూడు చక్రాల తొక్కుడు బండి, ఈ మూడూ వేరు. తోపుడు బండి ఎక్కువ సరుకు మోస్తుంది కానీ నడక వేగమే దాని వేగం. అది ఒక అడ్డా దగ్గర నిలబడి అమ్మేవారికి తగినది. మూడు చక్రాల బండి బరువును కింద, రెండు చక్రాల మధ్య మోస్తుంది, ఆపితే పడిపోదు. 1920లలో లండన్‌లో వాల్స్ కంపెనీ ఐస్‌క్రీంను ఇళ్ల ముందుకు పంపింది ఇలాంటి బండ్ల మీదే. ముందు వైపు పెట్టె, దాని మీద “నన్ను ఆపి ఒకటి కొనండి” అన్న అర్థం వచ్చే రాత. మన దగ్గరి పెద్ద ఉదాహరణ తోపుడు బండిది. అరుణ్ ఐస్‌క్రీమ్స్ 1970లో చెన్నై రాయపురంలో ఒక చిన్న గదిలో పుల్ల ఐసు చేసి, బండ్ల మీద అమ్మించి మొదలైంది.

మామూలు సైకిలు ఈ రెండింటికన్నా చవక, ఇరుకు గల్లీలో సులువు. అయితే పెట్టె వెనక క్యారియర్ మీద ఎత్తుగా కూర్చుంటుంది, బరువంతా వెనక చక్రం ఊచల మీద పడుతుంది. పెట్టె, చల్లదనపు పలకలు, సరుకు కలిపితే పాతిక కిలోలు తేలికగా అవుతాయి. అందువల్ల పాలసైకిళ్లకు వాడే రకం భారీ క్యారియర్, రెండు వైపులా నిలబెట్టే జంట స్టాండు, దళసరి ఊచలు తప్పనిసరి. పక్క స్టాండు మీద సైకిలు ఒరిగి ఉండగా మూత తెరిస్తే సరుకు ఒక మూలకు జారుతుంది, మూత సరిగా కూర్చోదు. మూత సరిగా కూర్చోకపోతే ఏమవుతుందో ముందుముందు చూస్తాం.

బ్యాటరీ సైకిలు గురించి ఒక వివరం. మోటారు సామర్థ్యం 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటే నిబంధనల దృష్టిలో అది మోటారు వాహనం కాదు. అంటే రిజిస్ట్రేషన్, డ్రైవింగ్ లైసెన్స్ అక్కర్లేదు. ఎత్తుపల్లాలు ఎక్కువున్న ఈ రాతినేల మీద మధ్యాహ్నపు ఎండలో పాతిక కిలోలు లాగేవారికి ఇది విలాసం కాదని నా అభిప్రాయం. కానీ మొదటి వేసవికే అప్పు చేసి కొనవద్దు.

“తిరుగుతూ.” ఇది చట్టపరమైన మాట. 2014 చట్టం విక్రేతల్ని నిలకడగా ఒకచోట అమ్మేవారు, తిరుగుతూ అమ్మేవారు అని వేరు చేస్తుంది, అమ్మకపు ధ్రువపత్రం కూడా ఆ విభాగం పేరుతోనే వస్తుంది. తిరిగే విభాగంలో పత్రం తీసుకుని రోజూ ఒకే మూలలో నాలుగు గంటలు నిలబడితే, మీ చేతిలో ఉన్న పత్రం ఒకటి, చేస్తున్న పని మరొకటి.

ఇక్కడ ఒక శంక: వీధిలో అమ్ముకోవడం హక్కా, దయా? సమాధానం: హక్కే. సోదాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 1989లో చెప్పిన మాట ఇది. వీధిలో వ్యాపారం చేయడం రాజ్యాంగం 19(1)(జి) అధికరణం ఇచ్చే వృత్తి స్వేచ్ఛలో భాగం. అయితే ఫలానా చోటే నాకు కావాలని అడిగే హక్కు అందులో లేదు. అంటే పని చేసే హక్కు ఉంది కానీ స్థలం మీద హక్కు లేదు. పాతికేళ్ల తర్వాత వచ్చిన 2014 చట్టం ఈ మాటకే యంత్రాంగాన్ని తయారు చేసింది. పట్టణ విక్రయ కమిటీ, అయిదేళ్లకోసారి సర్వే, ధ్రువపత్రం, ఆ ప్రాంత జనాభాలో 2.5 శాతం మంది విక్రేతల వరకు చోటు. ఆ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి విక్రేతలే ఉండాలి, వారిలో మూడో వంతు మహిళలు ఉండాలి.

మరో శంక: సర్వే అయిపోయాక మొదలుపెట్టేవారి సంగతి? రెండు సర్వేల మధ్య కాలంలోనూ కొత్తవారికి కమిటీ పత్రం ఇవ్వవచ్చునని నాలుగో సెక్షన్ చెబుతుంది. “ఇవ్వవచ్చు” అన్నది గమనించండి, “ఇవ్వాలి” అనలేదు. ఆ ప్రాంతంలో చోటు ఉండాలి, చట్టం కింద చేసిన వీధి విక్రేతల పథకానికి లోబడి ఉండాలి. పత్రం తీసుకునేటప్పుడు ఒక హామీ ఇవ్వాలి: తానే, లేదా తన కుటుంబ సభ్యుల ద్వారానే అమ్ముతానని, వేరే జీవనాధారం లేదని, పత్రాన్ని అద్దెకు ఇవ్వనని. వేరొకరి పత్రం మీద సైకిలు నడపడం ఊళ్లో కనిపించే అలవాటే కావచ్చు. అది మాత్రం ఆ హామీకి విరుద్ధం. అద్దె కట్టినవారికి దాని వల్ల ఏ హక్కూ రాదు.

సరుకు పట్టుకుపోతే? పాడయ్యే సరుకును అడిగిన రోజే, మిగతా సరుకును రెండు పనిదినాల్లోగా తిరిగి ఇవ్వాలని చట్టం అంటుంది, అది కూడా జాబితా రాసి ఇచ్చాకే స్వాధీనం చేసుకోవాలి. ఐస్‌క్రీంకు ఈ రక్షణ ఎంతవరకు అక్కరకొస్తుందో చెప్పక తప్పదు: అదే రోజు సాయంత్రానికి వెనక్కి వచ్చినా అప్పటికి అది ఐస్‌క్రీంగా మిగలదు. అందుకని ఈ వ్యాపారంలో కాగితాల విలువ కూరగాయల వ్యాపారంలో కన్నా ఎక్కువ. ముందే చూపించగలిగితేనే వాటి వల్ల ఉపయోగం.

తిరగడంలో రెండు హద్దులు కూడా ఉన్నాయి. కొవ్వు, చక్కెర, ఉప్పు మోతాదు మించి ఉన్న ఆహారాన్ని బడి గేటుకు 50 మీటర్ల లోపు పిల్లలకు అమ్మరాదని ఆహార భద్రతా సంస్థ 2020 నిబంధన. బడి వదిలే వేళ గేటు ముందు నిలబడాలనిపించడం సహజం, కానీ ఆ నిలబడే చోటు 50 మీటర్ల అవతలికి జరగాలి. రెండోది చప్పుడు. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలాలు. రికార్డు చేసిన పాటను మైకులో వినిపించడం కన్నా చేతి గంట మేలు. చప్పుడు తక్కువ అన్నది ఒక కారణం. రోజూ అదే వేళకు అదే గంట వినిపిస్తే ఇంట్లోవాళ్లు చిల్లర చేత పట్టుకుని బయటికి వస్తారన్నది రెండోది, గట్టి కారణం. తిరగడమంటే ఎటుపడితే అటు పోవడం కాదు, వేళ తప్పని వలయం.

“ఐస్‌క్రీం.” జనం నోట అన్నీ ఐస్‌క్రీమే. లేబుల్ మీద కాదు. ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం ఐస్‌క్రీం అనాలంటే పాలకొవ్వు కనీసం 10 శాతం, మొత్తం ఘనపదార్థాలు కనీసం 36 శాతం ఉండాలి. పాలకొవ్వు 10 శాతం కన్నా తగ్గితే అది మీడియం ఫ్యాట్, 2.5 శాతానికి మించకపోతే లో ఫ్యాట్. పాలకొవ్వుకు బదులు వంటనూనె లేదా వనస్పతి కొవ్వు వాడితే అది ఫ్రోజెన్ డెజర్ట్. ఇది కల్తీ కాదు, చట్టబద్ధమైన వేరే సరుకు. కానీ దాన్ని ఐస్‌క్రీం అని చెప్పి అమ్మితే తప్పే. కొనేవారు “ఇది పాలదేనా?” అని అడిగినప్పుడు చదివి చెప్పగలగాలి. కప్పు మీద చిన్న అక్షరాల్లో ఉన్నది మీకు తెలియకపోతే మీ మాటకు విలువ ఉండదు.

పుల్ల ఐసు, అంటే మనవాళ్లు ఐస్‌ఫ్రూట్ అనేది, పాలతో సంబంధం లేని మూడో తరగతి. తీపి నీరు గడ్డకట్టినది. ప్రమాణాల్లో దానికి చక్కెర కనీసం 10 శాతం. కుల్ఫీ మాత్రం మాటలో వేరైనా, ప్రమాణాల్లో ఐస్‌క్రీంతో పాటే ఉంది, అదే 10 శాతం కొవ్వు నియమం దానికీ వర్తిస్తుంది. పాలు మరిగించి చిక్కబరచి, గాలి కలపకుండా అచ్చుల్లో గడ్డకట్టిస్తారు. ఐస్‌క్రీంలో గాలి కలుపుతారు. ఆ కలిపిన గాలి కొలతనే ఓవర్‌రన్ అంటారు. లీటరు ఐస్‌క్రీం కనీసం 525 గ్రాములు తూగాలన్న నియమం ఈ గాలికి వేసిన కళ్లెమే. లీటరు మిశ్రమం దాదాపు 1,100 గ్రాములు ఉంటుంది కాబట్టి, ఆ కనీస బరువు దగ్గర డబ్బాలో సగానికి పైగా గాలే. కనుక మిల్లీలీటర్లలో చెప్పిన కొలతను గ్రాములుగా అనుకోకూడదు. గాలి లేని కుల్ఫీ ఎక్కువసేపు గట్టిగా ఉండటానికీ ఇదొక కారణం. సైకిలు పెట్టెకు కుల్ఫీ, పుల్ల ఐసు నప్పినంతగా మెత్తని కప్పు ఐస్‌క్రీం నప్పదు.

సరుకు ఎక్కడి నుంచి? కంపెనీ డీలరు దగ్గరో, లాలాపేటలో కార్యాలయమున్న ప్రభుత్వ సహకార రంగపు విజయ డెయిరీ పంపిణీదారు దగ్గరో కొని అమ్మవచ్చు. ఇంట్లో కుల్ఫీ చేసి అమ్మవచ్చు. ఈ రెండింటి మధ్య చట్టం గీసిన గీత గట్టిది. కొని అమ్మేవారు వ్యాపారి, చేసేవారు తయారీదారు. జీఎస్టీలో ఐస్‌క్రీం తయారీదారుకు కాంపొజిషన్ పథకం, అంటే అమ్మకం మీద చిన్న శాతం కట్టి లెక్కలు తేలిక చేసుకునే ఏర్పాటు, లేదు. సైకిలు వ్యాపారం ఆ అమ్మకపు హద్దులకు చాలా దూరంలోనే ఉంటుంది. అయినా ఎదిగే ఆలోచన ఉన్నవారికి ఇది మొదటి రోజే తెలిసి ఉండాలి. ఐస్‌క్రీం మీద పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది.

ఇప్పుడు అధ్యాహారం. సైకిలు మీద తిరుగుతూ, దేనిలో పెట్టుకుని? “పెట్టెలో.” వాక్యం ఈ మాటను మింగేసింది. అమ్మేవారు మోస్తున్నది నిజానికి చల్లదనం, పెట్టె దాన్ని కాపాడే గోడ.

మొదట ఒక పొరపాటును తీసేయాలి: ఐసు వేస్తే ఐస్‌క్రీం నిలుస్తుందనుకోవడం. నిలవదు. ఐసు 0 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంతకన్నా చల్లగా దేన్నీ ఉంచలేదు. ఐస్‌క్రీంలో చక్కెర ఉండటం వల్ల అది సున్నాకు రెండు మూడు డిగ్రీల కిందనే కరగడం మొదలవుతుంది. దాన్ని నిల్వ చేయవలసినది మైనస్ 18 దగ్గర. ఈ దూరాన్ని పూడ్చేది ఉప్పు. ఐసులో ఉప్పు కలిస్తే ఐసు కరుగు బిందువు దిగుతుంది. ఉప్పు 23.3 శాతం ఉన్నప్పుడు అది మైనస్ 21.1 డిగ్రీల దాకా దిగుతుంది, మామూలు ఉప్పుతో అంతకన్నా కిందికి పోదు. అంటే మూడు పాళ్ల ఐసుకు ఒక పాలు ఉప్పు కన్నా ఎక్కువ వేయడం వృథా. కుల్ఫీ కుండల చుట్టూ ఐసు, ఉప్పు నింపే పద్ధతి ఈ సూత్రం మీదే నడుస్తోంది. ఉప్పునీరు సైకిలు రిమ్మునూ ఊచల్నీ తినేస్తుంది కాబట్టి పెట్టె అడుగున గొట్టం పెట్టి నీళ్లు దూరంగా పోయేలా చేయాలి.

ఇదే పనిని శుభ్రంగా చేసేవి మూసిన పలకలు. వాటిలో ఉప్పు ద్రావణం ఉంటుంది. రాత్రంతా గడ్డకట్టించి ఉదయం పెట్టెలో అమరుస్తారు, కరిగేటంత సేపూ అవి దాదాపు ఒకే ఉష్ణోగ్రతను పట్టుకుని ఉంటాయి. ఇక్కడ చాలామంది గమనించని ఒక వివరం ఉంది. మైనస్ 21 దగ్గర గడ్డకట్టే పలక, మైనస్ 18కి పెట్టిన ఇంటి ఫ్రీజర్‌లో గడ్డకట్టదు. ఎన్ని గంటలు ఉంచినా లోపల ద్రవమే ఎక్కువ. పైకి చల్లగా తగులుతుంది కాబట్టి సిద్ధమైందనుకుని బయల్దేరితే మధ్యాహ్నానికే సరుకు జారిపోతుంది. పలక కొనేటప్పుడు అది ఏ డిగ్రీ దగ్గర గడ్డకడుతుందో అడగాలి, దానికన్నా కనీసం అయిదారు డిగ్రీలు చల్లని ఫ్రీజర్ ఎవరి దగ్గర ఉందో చూసుకోవాలి. సాధారణంగా అది డీలరు దగ్గర ఉంటుంది. పలక గడ్డకట్టించి ఇచ్చే మాట డీలరుతో మొదటి రోజే తేల్చుకోవాలి.

ఇక గోడ. ఒక లెక్క వేసి చూపిస్తాను. పెట్టె 50 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 40 ఎత్తు అనుకుందాం. అన్ని ముఖాల వైశాల్యం కలిపి 1.12 చదరపు మీటర్లు. బయట 40 డిగ్రీలు, లోపల మైనస్ 18, అంటే తేడా 58. గోడలో 5 సెంటీమీటర్ల పఫ్, అంటే పాలీయురెథేన్ నురగ, ఉంటే లోపలికి వచ్చే వేడి 32 వాట్ల చుట్టూ ఉంటుంది. ఎనిమిది గంటలకు సుమారు 935 కిలోజౌళ్లు. ఉప్పు పలకలు కిలోకు సుమారు 230 కిలోజౌళ్లు పీల్చుకుంటాయి. కాబట్టి గోడల గుండా వచ్చే వేడికే నాలుగు కిలోల పలకలు కావాలి. గోడ మందం సగానికి తగ్గితే పలకలు ఎనిమిది కిలోలు. మూత తెరిచినప్పుడల్లా వచ్చే వేడి దీనికి అదనం, కాబట్టి మొదటి లెక్కకు రెట్టింపు పెట్టుకోవడమే క్షేమం. మందమైన గోడకు పెట్టే డబ్బు ఒక్కసారి పెట్టేది. పలచని గోడ వల్ల మోయవలసిన బరువు రోజూ మోసేది, అదీ మీ కాళ్ల మీద.

చల్లని గాలి బరువైనది, కిందికి దిగుతుంది. అందుకే మూత పైన ఉండాలి. పక్కన తలుపు పెడితే తెరిచినప్పుడల్లా చల్లదనం దిగువకు ఒలికిపోతుంది. పలకలు అడుగున కన్నా పైన, పక్కల అమర్చడం మంచిది. మూత అంచున రబ్బరు పట్టీ చీలిందేమో వారానికొకసారి చూసుకోవాలి. పెట్టెకు తెలుపు రంగు వేయాలి. ముదురు రంగు పెట్టె పైతలం ఎండలో గాలి ఉష్ణోగ్రత కన్నా బాగా ఎక్కువ వేడెక్కుతుంది, అప్పుడు పై లెక్కలోని 40 తప్పుతుంది. పిల్లలు రుచులు ఎంచుకుంటున్నంతసేపు మూత తెరిచి ఉంచకూడదు. రుచుల బొమ్మలు మూత మీద అతికించండి, ఎంచుకున్నాకే తెరవండి.

డ్రై ఐసు, అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, మైనస్ 78.5 డిగ్రీలు. అది నీరు కాకుండా నేరుగా వాయువవుతుంది. ఉత్త చేత్తో ముట్టుకుంటే చర్మం కాలుతుంది, మూసిన గదిలో ఊపిరాడకుండా చేస్తుంది. సైకిలుకు దాని అవసరం లేదు. పిల్లలు చేతులు పెట్టే పెట్టెలో అది అసలే వద్దు.

కరిగిన సరుకును మళ్లీ గడ్డకట్టించి మర్నాడు అమ్మవచ్చా? అమ్మకూడదు. ఇందులో రెండు విషయాలు కలిసిపోతుంటాయి, విడదీయాలి. మొదటిది రుచి. కొంచెం మెత్తబడి మళ్లీ గట్టిపడితే మంచు రేణువులు పెద్దవవుతాయి, నాలుక మీద గరగరలాడుతుంది. ఇది నాణ్యత నష్టం. రెండోది ప్రాణం మీదికి వచ్చేది. పాలసరుకు పూర్తిగా కరిగి వేడిలో ఉన్నంతసేపూ సూక్ష్మజీవులు పెరుగుతాయి. మళ్లీ గడ్డకట్టిస్తే అవి చావవు, ఆగుతాయి, తిన్నవారి కడుపులో మళ్లీ మొదలవుతాయి. కొనేది ఎక్కువగా చిన్నపిల్లలు. రూపం మారిన కప్పును పారేయాలి. ఈ విషయంలో నాకు రెండో మాట లేదు. పెట్టె చల్లబరచడానికి కొన్న దిమ్మ ఐసును చితక్కొట్టి గ్లాసులోనో షర్బత్‌లోనో వేయడం కూడా ఇలాంటిదే. నిల్వకు చేసే ఐసు తాగునీటితో చేసి ఉండదు.

“అమ్ముకొని.” తినుబండారం అమ్మే ప్రతివారూ ఆహార భద్రతా సంస్థ దగ్గర నమోదు కావాలి. రిజిస్ట్రేషన్, లైసెన్స్ ఒకటి కావు. 2011 నిబంధనలు ఏడాది అమ్మకం 12 లక్షల వరకు ఉన్నవారిని చిన్న ఆహార వ్యాపారులుగా నిర్వచించి, వారికి ఏడాదికి 100 రూపాయల రుసుముతో రిజిస్ట్రేషన్ చాలన్నాయి. ఆ పైవారికి లైసెన్స్. ఈ హద్దులు, రుసుములు సవరణలతో మారుతుంటాయి. దరఖాస్తు చేసే రోజున ఆ సంస్థ వారి ఫోస్కోస్ పోర్టల్‌లో ఉన్నదే లెక్క. వీధి విక్రేత ధ్రువపత్రం చోటుకు సంబంధించినది, ఈ రిజిస్ట్రేషన్ తినే వస్తువుకు సంబంధించినది. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదని ఎవరైనా అంటే నోటి మాటతో ఆగిపోవద్దు. ఆ మాట రాతలో ఎక్కడుందో అడగండి.

ధర విషయం సూటిగా ఉంది. ప్యాకెట్ మీద ముద్రించిన గరిష్ఠ ధర కన్నా ఎక్కువ తీసుకోకూడదు. “కూలింగ్ చార్జీ” అన్న మాటకు చట్టంలో చోటు లేదు. చల్లగా ఉండటమే ఆ వస్తువు, దానికి వేరే వెల ఉండదు.

“బతకవచ్చు.” ఇందులో “వచ్చు” అన్నది అనుమతి కాదు, సంభావ్యత. అంటే కొన్ని షరతులు నెరవేరితే జరుగుతుంది. ఆ షరతుల్లో మొదటిది అమ్మకాన్నీ లాభాన్నీ వేరు చేసి చూడటం. ఒక ఉదాహరణ. ముద్రిత ధర ప్రకారం 1,000 రూపాయల సరుకు మీకు 800కు వచ్చిందనుకోండి. అంతా అమ్మితే 200 మిగులు. అందులో 100 రూపాయల సరుకు కరిగిపోయిందనుకోండి. సరుకులో పోయింది పదో వంతే, మిగులులో పోయింది సగం. తరుగు అన్న మాటను చాలామంది సరుకు లెక్కన చూస్తారు, చూడవలసినది మిగులు లెక్కన. గోడ మందం గురించి, మూత గురించి అంతసేపు చెప్పడానికి కారణం ఈ సగమే. మధ్యాహ్నం గిరాకీ తగ్గిన వేళ మిగిలిన సరుకును డీలరు ఫ్రీజర్‌కు చేర్చే ఏర్పాటు ఉంటే, అది గరిష్ఠ ధర మీద ఇంకో రెండు శాతం మార్జిన్ కన్నా విలువైనది.

రెండో షరతు పెట్టుబడి ఎక్కడిది అన్నది. బజారులో రోజువారీ ఫైనాన్స్ ఇలా నడుస్తుంది: 10,000 అప్పు రాసి 1,000 ముందే కోసుకుని 9,000 చేతికిస్తారు, రోజుకు 100 చొప్పున వంద రోజులు కట్టాలి. పైకి చూస్తే వెయ్యికి వంద, పది శాతం అనిపిస్తుంది. కానీ అసలు రోజూ తగ్గుతూ పోతుంది కాబట్టి, ఏడాది లెక్కన అది సుమారు 77 శాతం వడ్డీ. వీధి విక్రేతల కోసం 2020 జూన్‌లో వచ్చిన పీఎం స్వనిధి పథకం వేరే దారి. 2025 ఆగస్టులో మార్చాక మొదటి విడత 15,000, అది తీర్చితే 25,000, ఆ తర్వాత 50,000. హామీ అడగరు, సకాలంలో కడితే 7 శాతం వడ్డీ రాయితీ ఖాతాలో పడుతుంది. దీనికి అడిగేది విక్రేత గుర్తింపు కార్డు లేదా స్థానిక సంస్థ సిఫారసు పత్రం. “తిరుగుతూ” దగ్గర చెప్పిన కాగితం ఇక్కడ మళ్లీ అవసరపడుతుంది.

మూడోది కాలం. మార్చి నుంచి జూన్ మొదటి వారాల దాకా గిరాకీ. వానలు పడ్డాక పెట్టె బరువు అంతే, అమ్మకం సగానికీ అంతకన్నా కిందికీ పడిపోవచ్చు. ఆషాఢంలో లష్కర్ బోనాల రోజులు మధ్యలో కొంత ఊరట. వానాకాలంలో అదే సైకిలు మీద మొక్కజొన్న కంకులో, వేయించిన పల్లీలో అమ్మాలనుకుంటే రిజిస్ట్రేషన్‌లో ఆహార రకాన్ని మార్చుకోవాలి. ఉప్పునీళ్లు తగిలిన పెట్టెను కడిగి, ఆరబెట్టి, మూత కొద్దిగా తెరిచి ఉంచి భద్రపరచాలి, లేకపోతే రబ్బరు పట్టీ బూజుపట్టి వచ్చే వేసవికి పనికిరాదు.

ఏడాదిలో తీర్చే 15,000 అప్పును మార్చిలో తీసుకున్నారనుకోండి. అసలే నెలకు 1,250. ఎండలున్న నాలుగు నెలల్లో కట్టేది 5,000, మిగతా ఎనిమిది నెలల వాయిదాలు 10,000, పైన వడ్డీ. జూన్‌లో తొలి వాన పడే నాటికి ఆ 10,000 సరుకు డబ్బుతో కలవకుండా వేరే ఖాతాలో ఉండాలి.